నిప్పు చూసిన కత్తి

ఓష్ పట్నం బజారులో కమ్మర్ల వరసలో చివరి కొట్టు హకీమ్‌జాన్ ఉస్తాద్‌ది. ఆయన కత్తి అమ్మేముందు కొనేవాళ్లకి కొన్ని మాటలు చెబుతాడు. అవి వినకుండా పట్టుకుపోతానంటే కత్తి ఇవ్వడు. ఈ వేసవి మొదట్లో, మందతో కొండకి ఎక్కేముందు, మా తాత ఒర్మోన్ అక్కడ కత్తి కొన్నాడు. నేను ఆయన వెనక నిలబడి ఆ మాటలన్నీ విన్నాను.

తాడు కోస్తూనో, తోలు ఒలుస్తూనో, కీళ్లు విడదీస్తూనో కత్తి విరిగితే ముక్కలు తెమ్మన్నాడు ఉస్తాద్. పిడి దగ్గర తన నెలవంక ముద్ర చూసి, మారు మాట లేకుండా కొత్తది ఇస్తాడట. తను పోయాక తన కొడుకు ఇస్తాడట. కానీ రాతి సందులో దూర్చి లేపినా, కత్తి వీపు మీద సుత్తితో బాదినా, అన్నిటికంటే ముఖ్యంగా నిప్పులో పెట్టినా ఆ గ్యారంటీ లేదన్నాడు.

తాత అప్పటికే ఎదురుగా ఉన్న పుచ్చకాయల బండి వైపు చూస్తున్నాడు.

"ఏంటయ్యా ఉస్తాద్, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఈ అప్పగింతలు?" అన్నాడు.

"కూతురైతే ఎప్పుడొచ్చినా తలుపు తీస్తాను. ఇది నిప్పు తొక్కి వస్తే మాత్రం తియ్యను" అన్నాడు ఉస్తాద్.

నేనొక్కదాన్నే వింటున్నానని ఆయన కనిపెట్టినట్టున్నాడు. బల్ల కింద నుంచి ఒక పాత కత్తి తీశాడు. ఎవరో దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి పాడుచేసి తెచ్చారట. దాని మొన పట్టుకారుతో పట్టుకుని కొంచెం మెలిపెట్టాడు. గాజుగ్లాసు పగిలినట్టు టక్కుమని విరిగింది. నేను ఉలిక్కిపడి తాత కోటు పట్టుకున్నాను.

"చూశావా పాపా? పైకి కత్తిలాగే ఉంటుంది. తిన్నగా కోస్తే కోస్తుంది కూడా. ఇటో అటో వంగిందా, ఇంతే సంగతులు" అన్నాడు.

ఆ టక్కుమన్న చప్పుడు కొండ ఎక్కేదాకా నా చెవుల్లోనే ఉండిపోయింది. నాకు ఏ చప్పుడైనా అంతే. బళ్లో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, నా చేతిలో కలం కింద పడుతుంది. మా క్లాసువాళ్లు నన్ను కుందేలు అంటారు.

కొండ మీద మా గుడారం వేసుకున్నాక ఒక తెల్లవారుజామున తోడేలు గుర్రప్పిల్లల్లోకి వచ్చింది. కుక్కలు తరిమేశాయి గానీ, అది పోతూ పోతూ నా ముందునుంచే పోయింది. దాని ఊపిరి కూడా వినిపించింది నాకు. ఆ రోజు నుంచి నాకు తిండి సయించలేదు. నిద్రలో లేచి కూర్చునేదాన్ని. మా అవ్వ కల్బుబు నా నాడి పట్టుకు చూసి, పిల్లకి గుండె జారిందంది.

గుండె జారితే మా వైపు ఆ భయాన్ని కత్తితో తీస్తారు. కత్తిని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పిల్ల తల మీదుగా మూడు చుట్లు తిప్పి, ముందున్న నీళ్ల గిన్నెలో ముంచుతారు. చుయ్‌మని లేచే ఆవిరి ముఖానికి తగిలితే భయం ఆ నీళ్లలోకి దిగిపోతుంది. తర్వాత ఆ నీళ్లు పారే వాగులో పొయ్యాలి. అవి పోసేదాకా పిల్ల నోరు తెరవకూడదు. తెరిస్తే భయం మళ్లీ లోపలికి పోతుందంటుంది అవ్వ. ఇంకొకటి, ఆ కత్తి నెత్తురు చూడనిదై ఉండాలి. తాత పాత కత్తి ఎన్ని గొర్రెల్ని కోసిందో లెక్కలేదు. కొత్తదేమో ఒరలోంచి ఇంకా సరిగా బయటికే రాలేదు.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. కళ్లు మూసుకోమంది. తెరిచేసరికి ఆమె చేతిలో నెలవంక ముద్ర ఉన్న కత్తి మొన నుంచి సగం దాకా ఎర్రగా వెలుగుతోంది.

"అవ్వా, ఆ కత్తి..." అన్నాను.

"నోరు ముయ్యి. భయం బయటికొచ్చే వేళ మాట్లాడతారా ఎవరైనా?"

చుయ్‌మంది. ఆవిరి నా ముఖానికి కొట్టింది. భయం పోవడం మాట అటుంచి, గుండె ఇంకా గట్టిగా కొట్టుకోవడం మొదలైంది. అవ్వ కత్తి నలుపంతా బూడిదతో తోమి, రాయి మీద నూరి, ఒరలో పెట్టి గోడకి తగిలించింది. గిన్నె పట్టుకుని వాగుకి బయల్దేరింది.

ఆమె అలా వెళ్లగానే తాత ఇలా వచ్చాడు. కొత్తగా పట్టిన కుర్ర గుర్రానికి తాడు అలవాటు చెయ్యడానికి ఎర్రలోయ గట్టు దాకా తీసుకెళుతున్నానని చెప్పి, గోడ మీది ఒర అందుకుని నడుముకి కట్టుకుని వెళ్లిపోయాడు. నేను రెండు చేతులూ ఊపాను. ఈ పిల్ల ఈగలు తోలుకుంటోంది అనుకున్నాడో ఏమో, నవ్వి గుర్రాన్ని అదిలించాడు.

అవ్వ వాగు దగ్గర నీళ్లు ఒంపడం కనబడగానే నేను పరిగెత్తాను. తాతతో ఎలా చెప్పాలో దారంతా మాటలు కూర్చుకున్నాను. తాత అవ్వని తిట్టకూడదు, కత్తిని మాత్రం నమ్మకూడదు. రెండూ కలిసేలా ఒక్క మాట కూడా దొరకలేదు. పడమట మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

గట్టు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఉరిమింది. నేను చెవులు మూసుకుని కూలబడ్డాను. లేచి చూసేసరికి గట్టు మీద గుర్రమూ లేదు, తాతా లేడు.

గుర్రాల్ని పట్టేవాళ్లు తాడుని నడుము వెనక నుంచి తిప్పి, దాని మీదకి ఒరిగి నిలబడతారు. తాత కూడా అలాగే నిలబడి ఉంటాడు. ఉరుముకి గుర్రం లోయలోకి దూకింది. నేను పరుగున అంచు దాకా వెళ్లి చూశాను. అది గట్టు కింద గులకరాళ్ల వాలు మీద కాళ్లు ఆనక జారుతూ తాడుకి వేలాడుతోంది. ఆ తాడు అంచునున్న ఒక బండరాయినీ, దానికి అవతలి వైపు వీపు ఆనిన మా తాత ఛాతీనీ కలిపి చుట్టేసింది. ఆయన కుడిచెయ్యి తాడు కిందే ఇరుక్కుపోయింది. ముఖం ఉడికిన బీట్‌రూట్ రంగులో ఉంది. ఎడమచేత్తో కత్తి ఎలాగో బయటికి లాగాడు గానీ, మోచెయ్యి బండకి నొక్కుకుపోయి దాన్ని తాడు దాకా తేలేకపోతున్నాడు.

నన్ను చూసి కత్తి నా వైపు చాచాడు.

"దూర్చు... తాడు కింద దూర్చి మెలిపెట్టు. పైకి లేపితే చెయ్యి వస్తుంది నాకు."

ఒక్కో మాటకీ ఊపిరి చాలడంలేదు ఆయనకి. తాత చెప్పిన పనికి కాదని నేను ఎప్పుడూ అనలేదు. కత్తి తీసుకున్నాను. మొన తాడు కిందకి పెట్టాను కూడా. అప్పుడు ఆ టక్కుమన్న చప్పుడు గుర్తొచ్చింది. ఇక్కడ విరిగితే మళ్లీ కత్తి కోసం గుడారం దాకా పోవాలి. వచ్చేసరికి తాత ఉండడు. అది నాకు పగటి వెలుగులా కనబడింది.

"మెలిపెట్టను తాతా. ఇది నిప్పు చూసింది."

"ఏం చూసింది?"

"అవ్వ కాల్చింది. నా భయం కోసం. మెలిపెడితే విరిగిపోతుంది. కొయ్యాలి, అంతే."

తాత కళ్లు మూసి తెరిచాడు.

"అయితే కొయ్యవే. కథలు తర్వాత."

అది గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడు, నా మణికట్టంత లావు. తాత ఒంటికి దూరంగా, గట్టు అంచున బిగుసుకున్న చోట కత్తి ఆనించాను. నా చెయ్యి వణుకుతోంది. వణికితే కత్తి పక్కకి వంగుతుంది. ఎడమచేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాను. కోస్తోంది. వెంట్రుకలు ఒక్కొక్కటే తెగి పైకి లేస్తున్నాయి.

ఇంతలో కింద గుర్రం తన్నుకుంది. తాడు పక్కకి జరిగింది, దాంతో కత్తీ వంగబోయింది. చటుక్కున తీసేశాను.

అన్నిటికంటే ఎక్కువ భయమేసింది అప్పుడే. గుర్రం తన్నుకుంటున్నంతసేపూ కొయ్యకూడదు. చేతిలో కత్తి పెట్టుకుని, తాడు తాత ఛాతీలోకి దిగుతుంటే చూస్తూ ఆగాలి. గుర్రం నిలవగానే మళ్లీ మొదలుపెట్టాలి.

"ఎందుకాగావ్?" అన్నాడు తాత ఒకసారి. తర్వాత ఆ మాట కూడా అనలేదు. ఆయన పెదవులు నల్లబడ్డాయి. నేను ఏడుస్తున్నాను, కళ్లకి తాడు రెండుగా కనబడుతోంది. భుజానికి కళ్లు తుడుచుకుని కోశాను. గుర్రం కదిలింది, ఆగాను. నిలిచింది, కోశాను. దాదాపు సగం తెగేసరికి మిగిలిన పేటలు వాటంతటవే పురి విప్పుకోవడం మొదలుపెట్టాయి. ఒక్కసారిగా తాడు ఫట్‌మని తెగి నా చెవి పక్కనుంచి పోయింది.

గుర్రం రాళ్లతో పాటు జరజరా జారి, అడుగున లేచి నిలబడి ఒళ్లు దులుపుకుంది. తాత ముందుకి పడి దగ్గాడు. ఆ దగ్గు విన్నాక నా చేతిలో బలం పోయింది. కత్తి జారి బండ మీద పడింది.

టక్కుమంది. మొన ఒకవైపు, పిడి ఒకవైపు.

తాత ఆ రెండు ముక్కల్నీ చూశాడు, నన్ను చూశాడు. నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు.

పొద్దు వాలేసరికి అవ్వ ఆయన పక్కటెముకలకి మెత్తటి కంబళి గుడ్డ బిగించి కట్టేసింది. ముక్కలు చూసి ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఆ ఉస్తాద్ గాజు కత్తి అంటగట్టాడనీ, బజారుకి తీసుకెళ్లి ఆ ముక్కలు ఆయన మొహాన కొట్టి కొత్తది తెమ్మనీ ఒకటే పోరు. గ్యారంటీ ఇచ్చినవాడికి సిగ్గుండొద్దా అంది.

"ఇవ్వడు అవ్వా" అన్నాను నేను. "నిప్పులో పెట్టాం కదా."

"మందు కోసం పెట్టాం. రొట్టె కాల్చుకోడానికి పెట్టామా?"

తాత నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని మూలిగాడు.

"ఉస్తాద్‌ని ఏమనకు ముసలీ. తాడు కోస్తే విరగదన్నాడు. విరగలేదు. ఆయన మాట అక్కడికి చెల్లిపోయింది."

అవ్వకి అది నచ్చలేదు గానీ, అప్పటికే ఆవిడ నా వైపు చూస్తోంది. నా చేతిలో టీ గిన్నె చప్పుడు చేస్తోంది. పిల్లకి మళ్లీ గుండె జారింది, మళ్లీ తియ్యాలి, కత్తేదీ అంటూ వెతకడం మొదలుపెట్టింది. తాత తన పాత కత్తిని మెల్లిగా తొడ కిందకి తోసుకుని, పొయ్యి పక్కనున్న పట్టుకారు ఆవిడకి అందించాడు.

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇదీ నెత్తురు చూడలేదులే అంది. నిప్పుల్లో గుచ్చింది.

"భయం మొత్తం తీసెయ్యకే" అన్నాడు తాత కళ్లు మూసుకుని. "కాస్త ఉండనీ పిల్లకి."

పట్టుకారు నీళ్లలో దిగి చుయ్‌మంది. నేను మళ్లీ ఉలిక్కిపడ్డాను.