తిరగేసి గుణించడం ఎందుకు?

లెక్కల టీచరమ్మ దృష్టిలో పిల్లలు రెండే రకాలు: బుర్ర ఉన్నవాళ్లు, బుర్ర లేకపోయినా కష్టపడేవాళ్లు. మొదటి రకంలో అందరికన్నా ముందు ఆమె కూతురే. రెండో రకంలో దర్జీ కూతురు. ఆ పిల్ల ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు మధ్యే కూర్చుని, తప్పిన ప్రతి లెక్కనూ వేరే నోటుబుక్కులో మళ్లీ చేసుకొచ్చేది. అయినా మార్కులు సగం దాటేవి కావు. ఇంత కష్టమూ ఎక్కడికి పోతోందో టీచరమ్మకు అంతుపట్టేది కాదు.

ఒక సాయంత్రం బడి అయ్యాక ఆ నోటుబుక్కు అడిగి తీసుకుంది. భిన్నాల భాగహారాలు నలభై ఉన్నాయి. ఒక్కటీ తప్పు లేదు. మరి పరీక్షలో ఏమైందని అడిగింది. మాటల్లో ఇచ్చిన లెక్కలో దేన్ని తిరగేయాలో తెలియలేదని ఆ పిల్ల తల దించుకుని చెప్పింది. ఆ తర్వాత తలెత్తి అడిగింది.

"అసలు ఎందుకు తిరగేస్తాం, టీచర్?"

టీచరమ్మ రెండో భిన్నాన్ని తిరగేసి గుణించమని పద్దెనిమిదేళ్లుగా చెబుతూనే ఉంది. ఎందుకని అడిగినవాళ్లు లేరు. వెనక బెంచీలో తన కోసం కాచుకున్న కూతురిని పిలిచింది. ఏ లెక్కకైనా జవాబు చిటికెలో చెప్పేసే తన కూతురు కూడా, ఎందుకనేసరికి నీళ్లు నమిలింది.

"నాకూ తెలీదు," అంది టీచరమ్మ. "రండి, చూద్దాం."

మూడు కాగితపు పట్టీలు కత్తిరించి బల్ల మీద పరిచారు. మూడును మూడు బై నాలుగుతో భాగించడమంటే, వాటిలో ముప్పావు ముక్కలు ఎన్ని వస్తాయో తేల్చడమే. కూతురు చూపుతోనే తేల్చేద్దామనుకుని తడబడింది. దర్జీ కూతురు తొందరపడలేదు. ఒక్కో పట్టీని నాలుగు సమానమైన ముక్కలు చేసింది. పన్నెండు పావులొచ్చాయి. వాటిని మూడేసి చొప్పున పెట్టుకుంటూ పోతే నాలుగు కుప్పలయ్యాయి.

"నాలుగుతో గుణించాం, మూడుతో భాగించాం," అంది కూతురు మెల్లగా. "తిరగేయడమంటే ఇదేనా అమ్మా?" బళ్లో టీచర్ అని పిలవాలన్న సంగతే మరిచిపోయింది.

ఏడాది పరీక్షల్లో దర్జీ కూతురికి ఫస్టేమీ రాలేదు. అది ఎప్పటిలాగే టీచరమ్మ కూతురికే దక్కింది. కానీ మాటల లెక్కల్లో మాత్రం దర్జీ కూతురికి ఒక్కటీ తప్పలేదు. ఉన్నట్టుండి ఇంత బుర్ర ఎక్కడినుంచి వచ్చిందని హెడ్మాస్టరు అడిగాడు. బుర్రా పాతదే, కష్టమూ పాతదే, ఇన్నాళ్లూ తానే సగం పాఠం చెప్పి ఊరుకున్నానని టీచరమ్మ ఒప్పుకుంది.

సెలవుల్లో లెక్కల పుస్తకం ముందేసుకుని, ఎందుకో తనకే తెలియని సూత్రాలన్నిటి కిందా పెన్సిలుతో గీత గీయడం మొదలుపెట్టింది. మొదటి అధ్యాయంలోనే ఐదు తేలాయి.