నూట ఎనభై మూడో రోజు

ఫద్వా బల్ల మీద ఆ జేబు క్యాలెండర్ చూసిన రోజే నాకు అనుమానం పుట్టింది. కొన్ని తేదీల చుట్టూ ఎర్ర సిరా, కొన్నిటి మీద అడ్డగీతలు, నెల చివర అంకెలు. నేను టీ గ్లాసు పట్టుకుని అటుగా వెళ్ళేసరికి దాన్ని చటుక్కున ఫైలు కిందకి తోసేసింది. దాచిందంటే ఏదో ఉన్నట్టే కదా!

నా పేరు బయ్యూమీ. మాది ఈజిప్టులో మన్సూరా. కువైట్ వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఈ కంపెనీకి మందూబ్‌ని, అంటే అందరి పాస్‌పోర్టులూ వీసాలూ పట్టుకుని సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగేవాణ్ణి. నాతో ఎవరూ నిజం చెప్పరు. సెలవు కావాలంటే ఎప్పుడో పోయిన అమ్మమ్మను మళ్ళీ చంపుతారు. వేరేచోట ఉద్యోగం చూసుకుంటూ, పాస్‌పోర్టు బ్యాంకు పనికి కావాలంటారు. మందూబ్‌కి చెబితే సాయంత్రానికి యజమాని చెవిన పడుతుందని వాళ్ళ భయం. పడుతుంది కూడా, అబద్ధమెందుకు?

ఫద్వా మొరాకో పిల్ల, సలే ఊరు. ఏసీ గొట్టాల నమూనాలు గీసే ఇంజనీరు. వేసవిలో విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గర పనిలో కూర్చుంది. అలా కూర్చోబెట్టకూడదని మాకు తెలుసు. తెలిసే కూర్చోబెట్టాం. ఇప్పుడు అసలు ఉద్యోగ వీసా మంజూరైంది గానీ, దాని ముద్ర వేయించుకోవడానికి ఆమె స్వదేశం వెళ్ళి, అక్కడి కువైట్ ఎంబసీలో పాస్‌పోర్టు ఇవ్వాలి.

"ఉస్తాజ్ బయ్యూమీ, కచ్చితంగా ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగింది.

"వారం. మహా అయితే పది రోజులు."

"పదంటే పదేనా? పదిహేను దాటదుగా?"

"ఏం చెల్లెమ్మా, అమ్మ చేతి కుస్కుస్ పది రోజులకే మొహం మొత్తుతుందా?"

నవ్వలేదు. "ఆ పది రోజులని కాగితం మీద రాసివ్వండి" అంది.

రాసివ్వాలట! ఇరవై రెండేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ నెల తిరక్కుండా లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టారు. విజిట్ వీసా మీద పని చేయించుకున్నామని ఈ పిల్ల ఒక్క ముక్క రాసిందంటే కంపెనీకి జరిమానా, నాకు ఇంటిదారి. ఆ క్యాలెండర్‌లో రాసుకుంటున్నది అదే అనుకున్నాను. ఏ రోజు ఎన్ని గంటలు పని చేసిందో, నేనేమన్నానో, అన్నీ.

నా బుర్ర తగలెయ్య! ఆమె లెక్కపెడుతున్నది నన్ను కాదు, తన రోజుల్ని. మొరాకోలో ఏడాదికి నూట ఎనభై మూడు రోజులు మించి ఉన్నవాళ్ళు, బయటి దేశంలో సంపాదించినదానికి కూడా అక్కడే పన్ను కట్టాలట. ఆమె జీతంలో మూడో వంతు దాకా దానికే పోతుంది. పాత ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న నెలలన్నీ కలిపి అప్పటికే నూట అరవై ఎనిమిది రోజులయ్యాయి. ఇంకా పదిహేనే మిగిలాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. రాసివ్వనన్నాక ఆమె విమానం ఎక్కింది.

ఆమె వెళ్ళిన నాలుగో రోజున, మా కంపెనీకి తనిఖీ వాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. ఇంకేం! అనుకున్నదంతా నిజమైపోయింది. యజమాని అబూ మిష్అల్ నన్ను లోపలికి పిలిచాడు.

"ఎవరి పని ఇది, బయ్యూమీ?"

"ఆ మొరాకో అమ్మాయి మీదే నా అనుమానం సార్."

"అయితే వాళ్ళొచ్చే సమయానికి ఆమె ఇక్కడ ఉండకూడదు. అర్థమైందా?"

అర్థమైంది. ఎంబసీలో ఆమె పాస్‌పోర్టు మీద ముద్ర పడాలంటే, కంపెనీ తరఫున ఖరారు పత్రం నేను పంపాలి. అది సిద్ధమై నా సొరుగులోనే ఉంది. తొమ్మిది రోజులు దాన్ని అక్కడే ఉంచాను. రోజూ ఆమె నుంచి సందేశం, "ఏమైంది?" అని. రోజూ నా జవాబు, "అటువైపే ఆలస్యం" అని. పాస్‌పోర్టు ఎంబసీలో ఇరుక్కుపోయింది కాబట్టి ఆమె ఇంకో దేశానికి కూడా కదలలేదు.

బుధవారం తనిఖీ వాళ్ళు వచ్చారు. బయట బోర్డు మీద లైసెన్సు నంబరు రాయలేదట, అదీ ఫిర్యాదు! ఎదురుగా ఉన్న జిరాక్సు షాపువాడు పెట్టాడు. మేమిచ్చిన ఖహ్వా కాఫీ తాగి, ఖర్జూరాలు తిని వెళ్ళిపోయారు.

గురువారం సాయంత్రం ఫద్వా ఫోన్ చేసింది.

"ఉస్తాజ్, దేవుడి మీద ఒట్టేసి నిజం చెప్పండి. ఆలస్యం ఎటువైపు? నాకింక రెండు రోజులే మిగిలాయి."

"దేనికి రెండు రోజులు?"

అప్పుడు చెప్పింది. క్యాలెండర్, నూట ఎనభై మూడు, పన్ను, అంతా.

"ఈ మాట ముందే ఏడిస్తే నీ సొమ్మేం పోయేది తల్లీ!" అని అరిచాను.

"మందూబ్‌తోనా? పన్ను గొడవలున్న మనిషినని మీరు యజమానికి మోసేస్తే నా వీసా ఏమయ్యేది?"

ఫోన్ పెట్టేసి, ఆ నిమిషమే పత్రం పంపాను. ఏం లాభం? శుక్రవారం, శనివారం మా వైపు సెలవు. శనివారం, ఆదివారం వాళ్ళ వైపు సెలవు. మూడు రోజులూ ఫోన్ పట్టుకుని, తెలిసినవాళ్ళందరి కాళ్ళావేళ్ళా పడ్డాను. మంగళవారానికి గానీ పాస్‌పోర్టు ఆమె చేతికి రాలేదు. అప్పటికి నూట ఎనభై ఆరు.

తిరిగొచ్చి నేరుగా నా బల్ల ముందు నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

"నా పాస్‌పోర్టు ఎందుకాగిందో ఒక ఉత్తరం ఇవ్వండి. పన్నుల ఆఫీసులో చూపిస్తాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు. అది తప్ప నాకింకో దారి లేదు."

సిగ్గులేని బుర్ర, వెంటనే లెక్కలు వేసింది. ఈ ఉత్తరం లేబర్ ఆఫీసుకి పోదని గ్యారంటీ ఏమిటి? అందుకే "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి, సీలేసి ఇచ్చాను.

చదివి వెనక్కి నా ముందే పడేసింది. "ఏ సాంకేతిక కారణం? మీ సొరుగా?"

ఎవరు చెప్పారని అడగలేదు. ఆఫీసులో నా సొరుగు తెలియనిదెవరికి? ఆమె అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అరవలేదు. ఎదురు కుర్చీలో కూలబడి రెండు చేతులతో కళ్ళు నొక్కుకుంది. నాకు నా మీదే అసహ్యం వేసింది. ఇంకో కాగితం తీసుకున్నాను. ఖరారు పత్రం తొమ్మిది రోజులు నా దగ్గరే ఆగిందనీ, ఆపింది నేనేననీ, ఆమె తప్పేమీ లేదనీ తేదీలతో సహా రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను. అబూ మిష్అల్ కంట పడితే ఆ రోజే నా సామాను సర్దుకోవాలి.

ఫద్వా రెండుసార్లు చదివింది. తర్వాత చెయ్యి చాపింది.

"మీ సివిల్ ఐడీ ఇవ్వండి."

ఇచ్చాను. కార్డు మీది సంతకం, కాగితం మీది సంతకం పక్కపక్కన పెట్టి, ఒక్కో వంకరా పోల్చి చూసింది. రెండిటికీ ఫోటో తీసుకుంది. అప్పుడు గానీ ఉత్తరం సంచిలో పెట్టుకోలేదు.

లేచి వెళ్ళబోతుంటే ఆగలేక అడిగాను. "పన్నుల ఆఫీసుకి ఎప్పుడు పంపుతున్నావమ్మా?"

గుమ్మం దగ్గర ఆగి, సంచిని చంకలోకి గట్టిగా లాక్కుంది.

"ఎందుకు అడుగుతున్నారు?" అంది.