బస్టాండు గొంతు

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే మింకా చేసే మొదటి పని కంప్యూటర్ ఆన్ చేయడం కాదు, పక్కనున్న బేకరీ మీద అరవడం.

"దోబ్రి అన్నా! నీ పొయ్యి తలుపు వేసి ఉంచు. ఇవాళ ఒక పెళ్ళి చెరపాలి!"

"ఎవరి పెళ్ళి?"

"మేకల డాక్టరుది. విడాకులైపోయాయిగా, పెళ్ళి ఫోటోలున్న పెన్‌డ్రైవ్ ఊరికే ఎందుకు పాడవాలీ అని ఇచ్చిపోయాడు."

మా గోర్నా లీపా ఊరికంతటికీ ఉన్నది ఆ ఒక్క కంప్యూటర్ షాపే, బస్టాండుకి సరిగ్గా ఎదురుగా. పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సులు, కార్లో వినడానికి పెన్‌డ్రైవ్‌లోకి పాటలు ఎక్కించడం, నిండిపోయినవి ఖాళీ చేయడం, మొరాయించినవి ఫార్మాట్ చేయడం, అన్నీ మింకా ఒక్కతే చూసుకుంటుంది. చెరిపేసినవన్నీ ఎక్కడికి పోతాయో మిగతా ఊళ్ళ సంగతి నాకు తెలియదు. మా ఊళ్ళో అయితే అవి బయటికొచ్చి ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ దూరిపోతాయి.

అందులో వింతేముంది, అంతే మరి. మొన్నామధ్య ఎవరివో సముద్రం ఒడ్డున తీసుకున్న సెలవుల ఫోటోలు వెళ్ళి పోస్టాఫీసు కిటికీ అద్దంలో కూర్చున్నాయి. స్టాంపులు కొనడానికి వెళ్ళిన వాళ్ళందరూ ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేవారు. ఒక విద్యార్థి వంతెనల మీద రాసిన థీసిస్ మందుల షాపాయన టీ కెటిల్లో దూరింది. ఆ మహానుభావుడు ఇప్పటికీ దగ్గు మందు అడిగితే ముందు ఇనుప దూలాల గురించి చెబుతాడు. ఇక దోబ్రి పొయ్యి సంగతి అడక్కండి, ఎన్ని పెళ్ళిళ్ళు దాన్లో పడ్డాయో! అలాంటి రోజు బానిత్సాలు, అదే మా జున్ను రొట్టెలు, పెళ్ళి డాన్సు చేస్తున్నట్టు మెలికలు తిరిగి బయటికొస్తాయి. మధ్యాహ్నంలోపే అమ్ముడైపోతాయి కూడా, అయినా దోబ్రి సణుగుతూనే ఉంటాడు.

ఇవన్నీ పూర్తి ఫార్మాట్ చేసినప్పుడే. క్విక్ ఫార్మాట్‌తో ఏమీ కాదు. మింకా మాటల్లో చెప్పాలంటే, "అది తలుపు మీద పేరు చెరిపినట్టు. లోపలి వాళ్ళు లోపలే దుప్పటి కప్పుకుని పడుకుంటారు. పూర్తి ఫార్మాట్ అంటే సామాను రోడ్డు మీద పెట్టడం." అందుకే షాపు గోడకి ఒక అట్ట వేలాడదీసింది: తెర మీద పచ్చగీత చివరికొచ్చేటప్పుడు అందరూ నోరు మూసుకోవలెను. ఊళ్ళో వాళ్ళం మూసుకుంటాం. అలవాటైపోయింది.

ఆ సెప్టెంబరులో ఒక శుక్రవారం స్పాస్కా వచ్చి మింకా ఎదురుగా కూర్చుంది. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికో చెప్పేది ఆవిడే. మా పిల్లలు అమ్మా అన్నాక నేర్చుకునే రెండో మాట "దయచేసి వినండి". స్పాస్కా చెప్పే తీరే వేరు. "దయచేసి వినండి. సెవ్లియెవో వెళ్ళే బస్సు బయలుదేరుతోంది. తోతా పిన్నీ, గొడుగు బెంచీ మీదే మర్చిపోయావు" అని కలిపి చెప్పేది. ఆవిడ నోట ఊరి పేరు వింటే, పని లేకపోయినా ఆ ఊరు వెళ్ళాలనిపించేది.

ఇప్పుడు ఆ చెప్పేవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మైకు పెట్టెకి తగిలించి, మనిషిని తీసేయమని గాబ్రొవో ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు చదివి వినిపించినవాడు బస్టాండు మాస్టరు కున్చెవ్. చెడ్డవాడని అనను. పైవాళ్ళంటే భయం, కిందివాళ్ళంటే హడావిడి, నోరు మాత్రం అరక్షణం మూతపడదు.

"అంటే, నన్ను తీసేయడానికి నా గొంతే నేను రికార్డు చేసివ్వాలన్నమాట" అంది స్పాస్కా.

"చదవకే. దగ్గొచ్చిందని చెప్పు. నేను రాసిస్తా, మైకు పాడైందని" అంది మింకా.

"నేను కాకపోతే ఇంకెవరో చదువుతారు. ఊళ్ళ పేర్లు తప్పుగా పలుకుతారు. రికార్డింగ్ పెట్టు."

ఒక్కొక్క బస్సే చదివింది. వేళలు, ప్లాట్‌ఫారాలు, ఆలస్యాలు, క్షమాపణలు. మింకా ఒక్కో దాన్నీ ఒక్కో ఫైలుగా చేసి వేళ ప్రకారం పేరు పెట్టింది. అంతా అయ్యాక స్పాస్కా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంది: "అన్ని బస్సులూ ఎక్కడికెళ్ళాలో చెప్పాను. రేపట్నుంచి నేనెక్కడికెళ్ళాలి, మింకా?"

మింకా రికార్డింగ్ ఆపబోయింది. తల దించుకుని చూస్తే రికార్డు దీపం ఇంకా ఎర్రగానే వెలుగుతోంది. ఆ ముక్క కత్తిరించడం ఆవిడకి చిటికెలో పని. చెయ్యి రాలేదు. దానికి వేళ లేదు కాబట్టి మైకు పెట్టె దాన్ని ఎప్పటికీ వినిపించదని తనకి తనే చెప్పుకుని, అన్నిటితోపాటు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. తర్వాత తన కంప్యూటర్‌లోంచి తీసేసింది. ఒకరి గొంతు తన దగ్గర దాచుకోవడం ఆవిడకి గిట్టదు.

మర్నాటి నుంచి పెట్టె మాట్లాడింది. గొంతు స్పాస్కాదే గానీ గొడుగుల ఊసు లేదు. తోతా పిన్ని గొడుగు పోయింది. స్పాస్కా ఇంట్లో కూర్చుని చలికాలానికి నిల్వ పెట్టుకునే, కారం లేని లావు ఎర్ర మిరపకాయలు కాల్చడం మొదలుపెట్టింది. ఎంతసేపు కాల్చిందంటే వీధి వీధంతా ఆ కమ్మటి కమురు వాసనే.

గురువారానికి పెట్టె మూగబోయింది. కారణం కున్చెవే. పాటలు వినాలనిపించినప్పుడల్లా ఆ పెన్‌డ్రైవ్‌ని ముల్లంగి పీకినట్టు పీకి తన కార్లో పెట్టుకునేవాడు. భద్రంగా తీయమని కంప్యూటర్ ఎంత మొత్తుకున్నా వినే రకం కాదు. చివరికి దాన్ని ఎందులో పెట్టినా, ముందు ఫార్మాట్ చేయండి అనే మాటే వచ్చింది. రొప్పుతూ మింకా దగ్గరికొచ్చాడు.

"త్వరగా ఫార్మాట్ చెయ్యి. గాబ్రొవో వాళ్ళు మెషిన్ గొంతు ఒకటి పంపారు, అది ఎక్కించాలి."

"మరి స్పాస్కా గొంతు?" అంది మింకా. "ఆగితే వెతికి బయటికి తీయొచ్చు. ఒక రోజు పడుతుంది."

"ఆవిడ అవసరం ఇంక లేదమ్మా."

మింకా మౌస్ మీద చెయ్యి పెట్టి అతని వైపు చూసింది. "క్విక్కా, పూర్తిగానా?"

"పూర్తిగా! మెషిన్ మాట్లాడుతుంటే మధ్యలో ఆవిడ తగలడితే నా పరువు పోతుంది."

"పోయిందంటే మళ్ళీ రాదు. సరేనా?"

కున్చెవ్ తల అడ్డంగా ఊపాడు. మా దగ్గర అడ్డంగా ఊపితే ఒప్పుకున్నట్టు.

మింకా పాత రకం ఫార్మాట్ ఎంచింది, ఎందుకంటే ఆ మైకు పెట్టెకి కొత్తవి అర్థం కావు. క్విక్ అన్న గడిలో టిక్కు తీసేసింది. స్టార్ట్ నొక్కింది. పచ్చగీత నత్తలా కదిలింది. కున్చెవ్ అంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు, పెట్రోలు ధర గురించి, అల్లుడి గురించి, మోకాలి నొప్పి గురించి. గీత చివరికి వస్తుండగా మింకా, ఏదీ దూరకుండా, బల్ల మీది ఖాళీ గ్లాసు బోర్లించింది. గోడ అవతల దోబ్రి పొయ్యి తలుపు ధడేల్‌మని వేశాడు.

"కున్చెవ్ గారూ, ఇంక నోరు మూసుకోండి" అంది మింకా.

"నన్నా? నన్ను నోరు మూసుకోమంటావా? నేను బస్టాండు మాస్..."

గీత నిండింది. కున్చెవ్ గుటక వేశాడు. మళ్ళీ నోరు తెరిస్తే తేనె లాంటి గొంతొకటి బయటికొచ్చింది: "దయచేసి వినండి. ఏడు నలభైకి గాబ్రొవో వెళ్ళు బస్సు రెండవ ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది."

మింకా అట్ట వైపు వేలు చూపించింది. అంతకంటే ఏం చేస్తుంది?

కున్చెవ్ గొంతు సవరించుకున్నాడు, నీళ్ళు తాగాడు. గోడ దిక్కు తిరిగి మాట్లాడి చూశాడు. టర్నొవో బస్సు ఆలస్యమని వచ్చింది. తీసెయ్యమని చేతులతో సైగ చేస్తే మింకా అతని తల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "మీకు పెన్‌డ్రైవ్ పెట్టుకునే కన్నం ఎక్కడుందండీ, నేను తీయడానికి? ఆ గొంతు ఎవరిదో ఆ మనిషి వచ్చి మళ్ళీ మైకు ముందు కూర్చుంటే అదే ఆవిడ దగ్గరికి పోతుంది."

వినలేదు. మెషిన్ గొంతు ఎక్కించే మాట మర్చిపోయి, ఖాళీ పెన్‌డ్రైవ్ జేబులో పడేసుకుని బస్టాండుకి పరుగెత్తాడు. అక్కడ మూగ పెట్టె ముందు జనం, ఏ బస్సు ఎక్కడికో తెలియక గోల. చేసేది లేక మైకు ముందు కూర్చుని నోరు తెరిచాడు.

ఊరంతా మారిపోయింది ఆ పూట. "స్పాస్కా వచ్చేసింది!" అని తోతా పిన్ని గుడ్డలో ద్రాక్షపళ్ళు మూటగట్టుకుని మైకు గది దగ్గరికొచ్చింది. లోపల కున్చెవ్ మీసాల కింది నుంచి ఆ గొంతు రావడం చూసి, "ఏమిటయ్యా, అన్నీ నువ్వే మింగుతావా?" అని పళ్ళు వెనక్కి పట్టుకుపోయింది. డ్రైవర్లు స్టీరింగుల మీద తలలు వాల్చి నవ్వారు.

సాయంత్రం బస్సులన్నీ అయిపోయాయి. చెప్పాల్సినవన్నీ చెప్పేశాడు. ఇక తన గొంతు తనకి వచ్చేసి ఉంటుందని కున్చెవ్ ఒక నిట్టూర్పు విడిచాడు. మైకు ఆపడం మర్చిపోయాడు. ఆ నిట్టూర్పులోంచే వచ్చింది.

"అన్ని బస్సులూ ఎక్కడికెళ్ళాలో చెప్పాను. రేపట్నుంచి నేనెక్కడికెళ్ళాలి, మింకా?"

బస్టాండులో నవ్వు ఆగిపోయింది. దోబ్రి బేకరీ గుమ్మంలోకొచ్చి టోపీ తీశాడు. కున్చెవ్‌కి తన నోట్లోంచి తనే ఆ మాట వినాల్సి వచ్చింది, పాపం. ఉత్తర్వు చదివిన రోజు ఆవిడ ఆ మాట అడగలేదు. అడిగే సందు ఇతను ఇచ్చాడా అసలు?  లేచి, కోటు గుండీలు పెట్టుకుని, మిరపకాయల వాసన పట్టుకుని నడిచాడు.

స్పాస్కా పెరట్లో కాలిన మిరపకాయల గుట్ట ముందు కూర్చుని ఉంది, మోచేతుల దాకా ఎరుపు. గేటు దగ్గర అతన్ని చూసి లేవలేదు.

"ఇంకేం కావాలి? నా దగ్గర ఇంకో గొంతు లేదు."

కున్చెవ్ నోరు తెరిచాడు. "సెవ్లియెవో వెళ్ళు బస్సు..."

"నాకు తెలుసు. చదివింది నేనే."

నోరు మూశాడు. పుట్టి బుద్ధెరిగాక మాట్లాడే ముందు అతను ఆలోచించడం అదే మొదటిసారి అనుకుంటా. నోట్లో ఉన్నవన్నీ ఆవిడ మాటలే, ఏరుకోవాలి. నాలుకతో వెతుక్కున్నాడు, నుదుటి మీద చెమట పట్టింది.

"దయచేసి వినండి" అన్నాడు, ఆవిడ గొంతుతోనే. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

స్పాస్కా చేతిలోని మిరపకాయ కింద పెట్టింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము" అన్నాడు మళ్ళీ. మిక్కిలి అన్నది మంచు పడి బస్సులన్నీ ఆగిపోయిన రోజుల కోసం చదివిన ఫైలు. తర్వాత చాలాసేపు వెతికి, ఒక్కొక్క మాటా జాగ్రత్తగా బయటికి తీశాడు. "దయచేసి... మీ స్థానంలో... కూర్చోగలరు."

"నా గొంతుతో నన్నే బతిమాలుతున్నావా, దొంగ సచ్చినోడా?" అంది స్పాస్కా. తిట్టే గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మరి గాబ్రొవో వాళ్ళకేం చెబుతావు?"

కున్చెవ్ జేబులోంచి ఖాళీ పెన్‌డ్రైవ్ తీసి చూపించి, మళ్ళీ జేబులో పడేసుకుని, పైనుంచి గట్టిగా కొట్టాడు. పెట్టె ఏ పెన్‌డ్రైవూ చదవడం లేదని రాస్తానని దాని అర్థం. అది తన జేబులో ఉన్నంతకాలం అబద్ధం కూడా కాదు.

"వీటి తొక్కలన్నీ ఎవరు వలుస్తారు మరి?" అంది ఆవిడ గుట్ట చూపించి.

అతను కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, ఎదుటి పీట మీద కూర్చున్నాడు. కాసేపు వలిచాక ముఖం ఎత్తి ఆవిడ వైపు చూశాడు. స్పాస్కా తల అడ్డంగా ఊపింది.

మర్నాడు పొద్దున మింకా షట్టర్ సగం ఎత్తేసరికి ఎదురుగా మైకు గరగరలాడింది. గది బయట కున్చెవ్ గట్టిగా దగ్గాడు, ఆ వెంటనే సొంత బొంగురు గొంతుతో ఒక డ్రైవర్ని తిట్టాడు. మొదటి తిట్టు వచ్చినందుకు అతని ముఖం వెలిగిపోయింది.

"దయచేసి వినండి" అంది స్పాస్కా. "ఏడు నలభైకి గాబ్రొవో వెళ్ళే బస్సు రెండో ప్లాట్‌ఫారం మీద ఉంది. తోతా పిన్నీ, నీ గొడుగు దొరికింది, వచ్చి తీసుకో."

మైకు ఆపిన చప్పుడు కాలేదు. ఊరంతా ఆగి వింది.

"మింకా, నేనెక్కడికీ వెళ్ళట్లేదు."

మింకా షట్టర్ అలాగే వదిలేసి, తన పాత శాలువా అంచుతో ముక్కు తుడుచుకుని, పక్కకి తిరిగి అరిచింది.

"దోబ్రి అన్నా! పొయ్యి తలుపు తెరువు. ఇవాళ చెరిపేదేమీ లేదు, రెండు వేడి బానిత్సాలు ఎదురుగా పంపించు."