తొమ్మిదో తారీఖు ముద్ర

చెత్తబండి పాట వీధి మలుపులో వినపడేసరికి బియున్ చేతిలో ఇంకా సగం తోమిన గిన్నె ఉంది. దాన్ని అలాగే వదిలేసి, తడి చేతులతోనే రెండు సంచులూ అందుకుని మూడంతస్తులు దిగింది. ఆ బండి ఎవరికోసమూ ఆగదు. ఆ పాట ఇంట్లో అందరికీ వినిపిస్తుంది, కాళ్ళు మాత్రం బియున్‌వే కదులుతాయి. "బండొచ్చింది" అని సోఫాలోంచి చెప్తాడు మొగుడు వెన్‌తా. చెప్పడం తన వాటా పని అన్నట్టు పదహారేళ్ళుగా చెప్తూనే ఉన్నాడు, మహానుభావుడు.

సంచులు బండిలోకి విసిరి వెనక్కి తిరుగుతుంటే ఫోన్ మోగింది. ల్యాబ్ యజమాని లై.

"రేపు పదింటికి ఆరోగ్యశాఖ వాళ్ళొస్తున్నారు. నీ వాంగ్మూలం నేనే టైపు చేయించాను. వచ్చి ముద్ర కొట్టడమే నీ పని."

"అందులో ఏం రాశారు సార్?"

"ఏముంటుంది. తొమ్మిదో తారీఖున నువ్వు ల్యాబ్‌లోనే ఉన్నావు, రక్తం తీసే చియావ్ నీకు చూపించకుండా రిపోర్టు పంపేసింది. ఆవిడకెలాగూ లైసెన్సు లేదు, కొత్తగా పోయేదేముంది?"

చియాయి ఊళ్ళోని ఆ చిన్న ల్యాబ్‌లో పరీక్షలు చేసే లైసెన్సు బియున్ ఒక్కదానికే ఉంది. మిగతా నలుగురికీ లేదు. లేనివాళ్ళు రక్తం తియ్యొచ్చు, యంత్రంలో పెట్టొచ్చు, కానీ లైసెన్సున్న మనిషి అదే గదిలో ఉండి చూస్తుండాలి. రిపోర్టు గడప దాటేముందు చదివి, 'సరిచూసినవారు' అన్న గడిలో తన పేరు ముద్ర కొట్టాలి. ఆ నిబంధన గోడమీద అంటించే ఉంది, దానిమీదే ఎవరో గొడుగులు తగిలిస్తారు. తన పరీక్షలు తాను చేసుకుంటూ నలుగురి చేతులమీదా కన్నేసి ఉంచడమంటే సాయంత్రానికి కళ్ళు మండిపోతాయి. ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చబోతే "నీకేం, ముద్ర కొట్టే ఉద్యోగం" అంటాడు వెన్‌తా. అయిదేళ్ళ కిందట అత్తగారికి డయాలిసిస్ మొదలయింది. వారానికి మూడు రోజులు నాలుగింటికల్లా వెళ్ళి ఆవిణ్ణి తెచ్చుకోవాలి. "వెళ్ళు, ముద్ర నా సొరుగులో పెట్టి వెళ్ళు, పనాగకూడదుగా" అన్నాడు లై. పెట్టింది. పైగా థాంక్స్ కూడా చెప్పింది. అప్పట్నించీ ముద్ర ఆ సొరుగులోనే ఉంటోంది. ఆ థాంక్స్ తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సంతకానికి బదులు కొట్టే తన పేరు ముద్ర ఇంట్లో ఇంకోటి ఉంది, అది అత్తగారి బిస్కెట్ డబ్బాలో ఉంటుంది. పోయిన వానాకాలం వృద్ధుల సేవల ఆఫీసు నుంచి ఎవరో వచ్చి ఫారం నింపి వెళ్ళారట. బియున్ సాయంత్రం చూస్తే 'ప్రధాన సంరక్షకురాలు: కోడలు' అని ఉంది, పక్కనే ఎర్రగా తన పేరు. "నువ్వు ఇంట్లో లేవు, డబ్బాలోంచి తీసి కొట్టాం. అడిగితే మాత్రం కాదంటావా?" అంది అత్తగారు, తప్పేమీ లేనట్టు. "చేసేది నువ్వేగా, పేరు రాస్తే ఏం పోయింది?" అన్నాడు వెన్‌తా. నిజమే, చేసేది తనే.

ఇక ఆ తొమ్మిదో తారీఖు. ఆ రోజు బియున్ పని ఎగ్గొట్టింది ఏదో జరిగి కాదు. ముందురోజు ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పొద్దున లేచి గంజి కాస్తుంటే ఇవాళ ఎవరికీ కనపడకపోతే బాగుండుననిపించింది, అంతే. జ్వరమని లైకి ఫోన్ చేసింది. ఇంట్లోవాళ్ళకి ఏమీ చెప్పకుండా రోజూలాగే అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరి, సముద్రం ఒడ్డునున్న బుదైకి బస్సెక్కింది. అక్కడ రేవు పక్కన గట్టుమీద చెప్పులు విప్పి కూర్చుంది. ఆలిచిప్పల అట్టు తింది. ఆ వాసన వెన్‌తాకి గిట్టదు, అందుకని పదహారేళ్ళుగా అది ఇంట్లో వండలేదు. గట్టుమీదే గంటసేపు ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఆరింటికి ఇంటికొచ్చి వంట చేసింది. చెప్పుల్లో ఇసుక ఉంది, ఎవరూ చూడలేదు.

సరిగ్గా ఆ రోజే ల్యాబ్‌లో త్సాయ్ అన్న ఇంటిపేరున్న ఇద్దరు ముసలాళ్ళ రక్తం గొట్టాలు తారుమారయ్యాయి. పొటాషియం ప్రమాదంగా పెరిగినాయనకి అంతా బాగుందని కాగితం వెళ్ళింది. రెండు రోజుల తర్వాత ఆయన కూరగాయల బజారులో కుప్పకూలాడు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, బతికి బయటపడ్డాడు. ఆ కాగితంమీద 'సరిచూసినవారు' గడిలో బియున్ ముద్ర ఉంది.

లై ఫోన్ చేసిన మర్నాడు పొద్దున బియున్ ల్యాబ్‌కి వెళ్ళేసరికి చియావ్ గొట్టాల స్టాండ్లు కడుగుతోంది. యాభయ్యారేళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఆ ల్యాబ్‌నే నమ్ముకుంది. ముసలాళ్ళ చేతుల్లో నరం దొరక్కపోతే అందరూ ఆవిణ్ణే పిలుస్తారు.

"చియావక్కా, ఆ రోజు ఆ అంకె నువ్వు చూశావా?"

"చూశాను. పోయిన నెల ఆయనకి ఎంతుందో నాకు గుర్తే. ఇది తేడాగా ఉంది, బియున్ వచ్చేదాకా ఆపుదాం సార్ అన్నాను. 'నీకు లైసెన్సుందా?' అన్నారు. లేదన్నాను. సొరుగులోంచి నీ ముద్ర తీసి కొట్టేశారు."

"మరి ఆ మాట ఎవరితోనూ చెప్పలేదేం?"

"ముద్ర నీది చెల్లీ. నువ్వు లేవని నేనంటే నీ మెడకి చుట్టుకోదూ?" చియావ్ నీళ్ళు వంచేసింది. "ఎక్కడికెళ్ళావని నేనడగను. మర్నాడు వచ్చినప్పుడు మొహం మాత్రం తేటగా ఉంది."

ఇంట్లో మొగుడూ, అత్తగారూ, పిల్లా చూడనిది ఈవిడ చూసింది, చూసి దాచుకుంది.

పదింటికి ఆరోగ్యశాఖ అధికారిణి వచ్చి కూర్చుంది. లై టైపు కాగితం, ఎర్ర సిరా డబ్బీ, ముద్ర వరసగా బల్లమీద పెట్టాడు. బియున్ ముద్రని చేతిలోకి తీసుకుంది. అంచు ఒకచోట పెచ్చు లేచిపోయి ఉంది, ఎప్పుడు లేచిందో తనకి తెలీదు. ఈ లైసెన్సు పరీక్ష ఆమె కడుపుతో ఉండగా ఒకసారి తప్పి, చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని రెండోసారి పాసయింది. తనదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది. ఇప్పుడు ఈ కాగితంమీద ఒక్కసారి ముద్ర అదిమితే లైసెన్సు మిగులుతుంది, చియావ్ ఉద్యోగం పోతుంది. అదిమకపోతే లైసెన్సు పోవచ్చు, పైగా ఆ రోజు ఎక్కడున్నావని ఇల్లు అడుగుతుంది.

"తొమ్మిదో తారీఖున మీరు ఇక్కడే ఉన్నారా?" అంది అధికారిణి.

"లేను."

"ఒంట్లో బాగాలేక మధ్యలో కాస్త ముందుగా వెళ్ళింది లెండి" అన్నాడు లై నవ్వుతూ.

"అసలు రానేలేదు. జ్వరమని అబద్ధం చెప్పాను. బుదై వెళ్ళి సముద్రం చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ ఎక్కానో, ఎక్కడ దిగానో బస్సు కార్డులో ఉంటుంది, చూసుకోండి."

"ఈ ముద్ర మీది కాదా మరి?"

"నాదే. వేసిన చెయ్యి నాది కాదు. ఆ రోజే కాదు, అయిదేళ్ళుగా వారానికి మూడు సాయంత్రాలు నాది కాదు. సొరుగులో పెట్టి వెళ్ళింది మాత్రం నేనే. చియావ్ ఆపమన్నది, ఆవిడ మాట ఎవరూ వినలేదు."

లై కుర్చీలోంచి లేచి ఫోన్ పట్టుకుని బయటికెళ్ళాడు. అధికారిణి కలం పక్కన పెట్టింది. "ఇది రాసిస్తే మీ లైసెన్సుకే దెబ్బ. తెలిసే అంటున్నారా?"

"తెలుసండీ. కాగితం ఇవ్వండి."

రాసింది. రాయడం అయ్యాక అధికారిణి అలవాటుగా సిరా డబ్బీ ముందుకు జరిపింది. "వద్దు, సంతకం చేస్తాను" అంది బియున్. ముద్రని రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది.

బయట మెట్లమీద చియావ్ కూర్చుని ఉంది. "ఇంతకీ ఏం సాధించావు? ఇద్దరం పోతాం ఇప్పుడు" అంది విసుగ్గా.

"నిన్నొక్కదాన్నే పంపించి నేనిక్కడ ఏం చూస్తూ కూర్చోను అక్కా" అంది బియున్, ఆవిడ పక్కనే కూలబడుతూ. కాళ్ళు పీకుతున్నాయి.

ఫోన్ మోగింది. వెన్‌తా.

"లై ఫోన్ చేశాడు. తొమ్మిదో తారీఖు నువ్వు డ్యూటీకి వెళ్ళలేదట? మరి ఎక్కడున్నావు?"

ఆ తొమ్మిదో తారీఖు రాత్రి కూడా బియున్ అన్నం వడ్డించింది, గిన్నెలు తోమింది, చెత్త దింపింది. ఆ ఇంట్లో ఆమె లేకుండా పోయిన రోజు కూడా వాళ్ళ లెక్కలో ఉన్న రోజే. ఇవాళ మొదటిసారి ఎక్కడున్నావని అడుగుతున్నారు, అదీ ఇంకో మగాడు చెప్తే.

"ఇంటికొచ్చి చెప్తాను" అంది బియున్. "నేనొచ్చేలోపు అత్తయ్యనడిగి, ఆ బిస్కెట్ డబ్బాలో ఉన్న నా ముద్ర తీసి బల్లమీద పెట్టు."