నాలుగు ఫీట్ల సందు

హైదరాబాద్‌ల కార్వాన్ బస్తీ విడిచి, శహర్ అంచులున్న జల్‌పల్లికి వచ్చి మాకు తొమ్మిదేండ్లయింది. మా మామ మొగులయ్య, మా అత్త ఆండాలు, నా భర్త కొండల్, నేను, పదకొండు బర్రెలు. కార్వాన్‌ల బర్రెలు కట్టేటందుకు జాగ లేకుంటయింది. గందుకే మా కులపోళ్లు నలభై ఇండ్లోళ్లు కలిసి ఇక్కడ ప్లాట్లు తీసుకున్నరు. మా కాలనీకి ఆనుకొని ముస్లింల కాలనీ ఉన్నది. రెండింటి నడుమ ఒక్కటే తొవ్వ. మేము బస్సుకు పోవాలన్నా, వాళ్ల పిల్లలు మా దిక్కున్న సర్కారు బడికి రావాలన్నా అదే తొవ్వ. మా పాలల్ల సగం ఆ దిక్కే పోతయి.

పోయిన ఎండకాలం ఆ తొవ్వల లొల్లి అయింది. బండి అడ్డం పెట్టిండని ఇటోడు, పెట్టలేదని అటోడు. మాట మాట పెరిగి ఒకని తల పగిలింది. పోలీసులొచ్చి ఇద్దరినీ తీస్కపోయిన్రు. ఆ ఆదివారమే మా అసోసియేషన్ మీటింగ్ పెట్టింది. ప్రెసిడెంటు మా మామనే. సెక్రెటరీ ప్రేమ్‌రాజ్ లేచి సాఫ్‌గ చెప్పిండు.

"తొవ్వకు అడ్డం గోడ కడదం. వాళ్లు వాళ్ల దిక్కు, మనం మన దిక్కు. బస్సుకు సుట్టు తిరిగి పోదం. ఆ దిక్కు పెద్దమనుషులను గూడ అడిగిన. కట్టుకోండ్రి, మాకు గూడ నయమే అన్నరు."

ప్రేమ్‌రాజ్ చెడ్డోడేం కాదు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, భయం జర ఎక్కువ. ఆయన మాటకు అందరు సరే అన్నరు. అప్పుడు మా మామ లేచి, ఎప్పుడు చెప్పే కార్వాన్ ముచ్చటే మళ్ల చెప్పిండు.

"తొంభైల మతాల లొల్లయి కర్ఫ్యూ పెట్టిన దినాలల్ల మా కొట్టం కాలిపోయింది. మూడు బర్రెలు కట్టేసిన కాడనే సచ్చిపోయినయి. గప్పటి సంది ఒకటే అనుకున్న. మనోళ్లు మనోళ్లు ఒక్కతాన ఉండాలె, చుట్టూ గోడ ఉండాలె."

గోడకు ఒక చిక్కున్నది. తొవ్వ మొత్తం పదహారు ఫీట్లు. అండ్ల పన్నెండు ఫీట్లు ప్లాట్లు చేసినాయన అసోసియేషన్‌కు రాసిచ్చింది. మిగిలిన నాలుగు ఫీట్లు మా ప్లాటులవి. ఇల్లు కట్టేటప్పుడు బర్రెలు మళ్లేటందుకు మా అత్త విడిచిపెట్టిన జాగ. ప్లాటు రిజిస్ట్రీ ఆమె పేరు మీదనే అయింది. గందుకే గోడ పూర్తిగ కట్టాలంటే ఆమె సంతకం కావాలె.

కాగితం ఆఖరి వరసల కూసున్న మా అత్త కాడికొచ్చింది. ఆమె పెన్ను తీస్కోలే.

"నేను పెట్ట," అన్నది.

అందరు అటు తిరిగిన్రు. మీటింగుల ఆమె నోరు తెరిచింది నేను అదే మొదటిసారి సూసుడు.

"మా కార్వాన్ గల్లీకి గూడ రెండు దిక్కుల గేట్లుండె. మనోళ్లే పెట్టుకున్నరు, పానాలకు నయమని. కొట్టం అంటుకున్ననాడు రెండు గేట్లకు తాళాలే. అగ్గి ఎట్ల అంటుకున్నదో నాకు ఇప్పటికి తెల్వది. గని ఫైరింజను గేటు అవతల్నే ఆగింది. పక్క గల్లీ సాయబులు బకిట్లల్ల నీళ్లు పట్టుకొని ఆ గేటు కాడనే నిలవడ్డరు. లోపలికి రానీకి తొవ్వ లేదు. పెద్ద గేటాయె, ఎక్కలేకపోయిన్రు. నేనొక్కదాన్నే పలుపులు కోసిన. నాలుగింటిని ఇడిపిచ్చిన. మూడింటి కాడికి పోలేకపోయిన."

మా అత్త ఎడమ చెయ్యి రెండు వేళ్లు వంగవు. ఎందుకని నేను ఎన్నడు అడగలే. పాలు పిండీ పిండీ అట్లయిందనుకున్న.

ప్రేమ్‌రాజ్ అడిగిండు. "తాళం తీసేటోడు ఎవ్వడు లేకుండెనా వదినా?"

అత్త ముందట కూసున్న మామ దిక్కు సూసింది. "లేకుండె," అని కూసున్నది.

మా మామ తల వంచుకొని కాగితాలు సర్దుతున్నడు.

ఆమె మాటకు ఎవరు ఆగలే. వారం దినాలల్ల పన్నెండు ఫీట్ల గోడ లేసింది, మనిషి ఎత్తుకు మించి. మా నాలుగు ఫీట్లే సందు మిగిలింది. ఆటోలు బందయినయి. మనుషులు మాత్రం ఒకరి వెనుక ఒకరు ఆ సందులకెల్లే పోవుడు వెట్టిన్రు.

ఇగ మాకు కష్టం మొదలైంది. మా కాలనీల ఒక్కరు గూడ మా కాడ పాలు తీస్కోలే. పక్కింటి రుక్మాబాయి నన్ను సూస్తె మొకం తిప్పుకునేది. ఆ దిక్కు గూడ అంతే, కొందరు పెద్దలు మా పాలు వద్దన్నరంట. ఆ దిక్కు నుంచి ఎప్పుడు పాలకొచ్చే షమీమ్‌బీ ఒకనాడు గిన్నె పట్టుకొని వచ్చింది.

"మా మరిది గుస్సా చేస్తున్నడు, ఆండాలమ్మా. చేస్కోనీ. నేనైతే వస్త," అన్నది.

మిగిలిన పాలు తోడేసి పెరుగు చేసిన. కొండల్ బండి మీద సంతోష్‌నగర్ దుకాన్లకు తీస్కపోయి వేసొచ్చెటోడు. మామ అత్తతోని మాట బందు పెట్టిండు. నేను వడ్డిస్తె తిని లేసి పోయెటోడు. అత్త మాత్రం రోజు తెల్లారంగనే కొట్టం కడిగి, పాలక్యాను తెచ్చి సందు మొగదల్నే పెట్టుకొని కూసునేది.

నాకే ఓపిక పోయింది. "అత్తా, ఒక్క సంతకం పెడితె ఏం పోతది? అందరితోని ఎందుకు పడాలె?" అన్న.

"భయమున్నోళ్లను నేను తప్పు పడతలేను, యశోదా. నాకు గూడ భయమే. గని మల్ల ఏమన్న అయితె, వచ్చెటోళ్లకు తొవ్వ ఉండాలె. నేను సూసిన బిడ్డా, తాళమేసిన గల్లీల ఎట్లుంటదో. నా జాగల గోడ లేవనియ్య."

వానలు మొదలైన వారానికి, ఒకనాడు పొద్దుగాల మామనే ఇటుకలు, సిమెంటు తెచ్చి సందుల పోయించిండు. మేస్త్రీ రాలే. తనే తాపీ పట్టిండు. ఒక వరస పెట్టంగనే అత్త వచ్చి ఆ ఇటుకల అవతల నిలవడ్డది.

"జరుగు ఆండాలు," అన్నడు మామ. నెలన్నర తర్వాత ఆమెతోని మాట్లాడిన మొదటి మాట.

"జరగ."

"అందరి ముందట నా ఇజ్జత్ పోతున్నది. ఇంట్ల ఆడమనిషికి చెప్పుకోలేడు, వీడేం ప్రెసిడెంటని నవ్వుతున్నరు."

"నీ ఇజ్జత్ పోయే మాట నేను ఎన్నడన్న అన్ననా? గంతమంది అడిగితె గూడ అన్ననా?" గొంతు పెంచకుండనే అడిగింది.

మామ చేతులున్న తాపీ కిందికి దించిండు. ఇటుకల మీద కూలబడ్డడు. నాకేం సమజ్ కాలే. నన్ను దగ్గరికి పిలిచిండు.

"యశోదా, ఆ దినం రెండు గేట్ల తాళంచెవులు నా జేబులనే ఉండె బిడ్డా. పాలు పోసొస్తనని బయటికెళ్లి తాళమేసుకొని పోయిన. నేను పోయినంక కర్ఫ్యూ పెట్టిన్రు, పోలీసులు రానియ్యలే. తెల్లారి వచ్చేసరికి అంత అయిపోయింది. ఎవరన్న అడిగితె బయటోళ్లు కాల్చిన్రని చెప్పిన. ఈమెకు అంత ఎరుకే. ముప్పై ఐదేండ్లల్ల నా కొడుకుకు గూడ చెప్పలే."

అత్త వంగి వరసలకెల్లి ఒక్కొక్క ఇటుక తీసి పక్కకు పేర్చింది. సిమెంటు ఇంకా పచ్చిగనే ఉండె. నేను గూడ చెయ్యేసిన. ఆఖరి నాలుగు ఇటుకలు మామ తీసిండు.

ఆ ఆదివారం మామ మీటింగ్ పిలిచి, నాకు చెప్పినట్టే అందరికి చెప్పిండు. ఏమీ దాచుకోలే. ఇన్నేండ్లు మా అందరికి అబద్ధం చెప్పినవా అని ఒకాయన గట్టిగనే అడిగిండు. చెప్పిన, అని ఒప్పుకున్నడు మామ. ప్రెసిడెంటుగిరి విడిచిపెడుతున్న అని కాగితం ఇచ్చిండు. ప్రేమ్‌రాజ్ దాన్ని మడిచి జేబుల పెట్టుకున్నడు.

"పాత ముచ్చట పాతదే మొగులన్నా. గోడ మాత్రం ఉంటది. నా పిల్లలున్నరు," అన్నడు.

"ఉండనీ. మా నాలుగు ఫీట్లు మాత్రం అడగకు," అన్నడు మామ.

ఆ తర్వాత ఎవరు అడగలే.

గోడ ఇంకా ఉన్నది. కూలగొడదమని రెండు దిక్కుల ఎవరు అంటలేరు. కొన్ని ఇండ్లు మల్ల పాలు తీస్కుంటున్నయి, శానా ఇండ్లు తీస్కుంటలేవు. వానలకు సందు బురద బురద అయితుంటె పోయిన వారం మామ, అత్త కలిసి షాబాద్ బండలు పరిచిన్రు. బడికొచ్చే పిల్లలు జారకుంట మామ బండలను ఉలితోని గరుకు చేస్తున్నడు. అత్త పక్కన కూసొని నీళ్లు చల్లుతున్నది.