ఆర్గన్ మోత

ఆర్గన్ మొదటి మోతకే లెవి పిడికిలి బిగుసుకుంది.

2007 వేసవి. డెట్రాయిట్ అవతలి పార్కులో రంగులరాట్నం పక్కనున్న పాత బ్యాండ్ ఆర్గన్‌ను బాగుచేసి మళ్లీ పెట్టారు. దేశంలో ఇలాంటిది ఇంకొకటి లేదట. బీరువా కంటే పెద్ద చెక్కపెట్టె. వాయించేవాడు ఉండడు. చిల్లుల కాగితపు చుట్ట తిరుగుతుంటే గొట్టాలు, డ్రమ్ములు, తాళాలు వాటంతటవే పెళ్లిబ్యాండంత గోల చేస్తాయి. ఆ గోలంటే లెవికి ఒళ్లు మంట. అయినా అన్న రత్నరాజు బతిమాలి మరీ లాక్కొచ్చాడు.

పాతికేళ్ల కిందట, కార్ల ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో, ఇక్కడే, ఈ ఆర్గన్ మోగుతుండగానే, ఇద్దరు తాగుబోతులు "మా ఉద్యోగాలు తిన్నారు" అంటూ రత్నరాజును కిందపడేసి తొక్కారు. టికెట్ల దగ్గరున్న లెవికి అన్న కేక వినబడింది. "రా! రా!" పరుగెత్తాడు. వాళ్లు అన్నను వదిలేసి ఇతని మీద పడ్డారు. పగిలిన సీసాతో ఎడమకన్ను పొడిచేశారు.

తాను బయటపడటానికి తమ్ముణ్ణి బలిచ్చాడని అప్పట్నుంచీ లెవి కక్ష. చర్చిలో రత్నరాజు నోరు తెరిస్తే చాలు, లేచి వెళ్లిపోయేవాడు.

"నేను నిన్ను పిలవలేదురా," అన్నాడు రత్నరాజు ఇప్పుడు.

"పిలవలేదా? నా చెవుల్తో విన్నా!"

లెవి గుద్దాడు. రత్నరాజు ముక్కు చితికింది. ఇంకో గుద్దుకు పెద్దాయన ఇనుపకంచె మీద పడి, జారి నేలకూలాడు. లెవికి జాలి కలగలేదు, హాయిగా ఉంది. డొక్కలో ఒక్క తన్ను తన్ని వెనక్కి తిరిగి నడిచాడు. టికెట్ల దగ్గరికి చేరేసరికి వెనక నుంచి కేక.

"రా! రా!"

లెవికి పిచ్చెత్తింది. వెనక్కి ఉరికి అన్న కాలర్ పట్టుకున్నాడు. "మళ్లీ పిలుస్తున్నావా? ఇంకో కన్ను కూడా కావాలా?"

రత్నరాజు నెత్తుటి నోటిని తమ్ముడి చెవికి ఆనించి అరిచాడు. "రాకురా! రాకురా అంటున్నా! ఆ రోజూ ఇదే అన్నా. నీకెలా వినబడిందో తెలియాలనే మళ్లీ అరిచా. మధ్యలో 'కు'ను ఆ డ్రమ్ము మింగేస్తోందిరా!"

లెవి కాలర్ వదిలేశాడు. ఇన్నేళ్ల కోపం ఎటు పోవాలో తెలియలేదు. పక్కనున్న ఇనుపకుర్చీ ఎత్తి డ్రమ్ము మీద మోదాడు. తోలు చిరిగింది, గొట్టాలు విరిగాయి, ఆర్గన్ మూగబోయింది. సెక్యూరిటీ వాళ్లు అతన్ని బోర్లా పడేసి వీపు మీద మోకాళ్లు పెట్టారు.

నేలకు అదిమిన మొహంతోనే లెవి అడిగాడు. "ఇంకేం అరిచావన్నయ్యా ఆ రోజు?"

"నన్ను చంపండి, వాణ్ణొదిలేయండి అన్నా," రత్నరాజు ఏడ్చేశాడు. "తెలుగులో అన్నాన్రా. కంగార్లో ఇంగ్లీషు నోటికి రాలేదు."