మేకుకు ఒక్కటే అట్ట

కోరుట్ల సెంటర్‌ల కోతల లెక్క చూసే కృపారాణి ఫోన్ చేసేటప్పటికి నేను సిరిసిల్ల ఆఫీసుల అన్నం డబ్బా తెరుస్తున్న.

"శైలజక్కా, నువ్వు పంపిన షీటు ప్రకారమే స్కర్టులు కోసినం. కింద రెండంగుళాల మడతకు బట్ట చాలుతలేదు. అంగుళం తక్కువొస్తున్నది."

"ఎన్ని?"

"నలభై పొరలు. ఒక్క కోతల అయిపోయినయి."

డబ్బాకు మూత పెట్టిన.

మాది బడి బట్టలు కుట్టే యూనిట్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల మూడు సెంటర్లున్నయి. బడుల నుంచి వచ్చిన కొలతలు తీసుకొని, ఏ సైజుకు ఎంత పొడుగు కొయ్యాల్నో చెప్పే ప్రోగ్రాములు పైథాన్‌ల రాసుడు నా పని. సెంటర్‌కు ఒకటి. మడతకు ఎంత వదలాల్నో చెప్పే చిన్న లెక్క ముక్కను, దాన్నే ఫంక్షన్ అంటరు, మొదటిదాంట్ల రాసి, మిగిలిన రెండిట్లకు కాపీ కొట్టిన. పిల్లలు ఎదిగితే విప్పుకొనేటట్టు ఈ యేడు బడులోళ్లు అంగుళం కాదు, రెండంగుళాలు మడత పెట్టుమన్నరు. సిరిసిల్లది మార్చిన, జగిత్యాలది మార్చిన. కోరుట్లది మర్చిపోయిన.

నన్ను మూడు నెలల ట్రయల్ మీద పెట్టుకున్నరు. శనివారంతో అయిపోతది. కథలాపూర్‌ల మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. మా అమ్మ దుర్గవ్వ నాట్లకు పోయినకాడల్లా 'మా బిడ్డది కంప్యూటర్ నౌకరి' అని చెప్పుకుంటది.

తప్పు నాదేనని మేనేజర్ శ్రీధర్ సార్‌కు చెప్పిన. ఆయన తిట్టలే. "రేపు పొద్దుగాల కోరుట్లల ఆరువందల స్కర్టులు కొయ్యాలె. పోయి సక్కజేసి రా" అన్నడు. తిట్టినా నయముండు.

ల్యాప్‌టాప్ పట్టుకొని బస్సెక్కిన.

కోరుట్లల కటింగ్ మాస్టర్ జలపతన్న నన్ను చూసి, "రా బిడ్డా. ఎండకాలమని పొట్టిగ కోయించినవా?" అన్నడు. కృపారాణి నవ్వింది. నాకు నవ్వు రాలే.

ఆయన గోడమేకుకున్న అట్ట, స్కర్టు ముక్క కొలతకు కోసి పెట్టింది, తీసి చూపించిండు. "సైజుకు ఒక్కటే అట్ట. ఎవలైనా ఈడికే వచ్చి, దీన్నే పెట్టి గీసుకోవాలె. గీసి కోసిన ముక్క మీదికెళ్లి ఇంకోటి గీస్తే సుద్ద మందమంత పెరుగుతది. నీకాడ ఎన్ని అట్టలున్నయి?"

"మూడు."

"గదే మరి."

అక్కడనే కూసొని 'కొలతలు' అని వేరే ఫైలు చేసి, మడత ఫంక్షన్‌ను అందుల పెట్టిన. మూడు ప్రోగ్రాములల్ల పైన ఒక్క వరుస రాసిన: గా ఫైలు నుంచి ఫంక్షన్ తెచ్చుకో అని. నడిపిన. సిరిసిల్లకు రెండంగుళాలు వచ్చింది. జగిత్యాలకు రెండు. కోరుట్లకు మళ్లా ఒకటే.

వరుస మళ్లా చదివిన. సక్కగనే ఉన్నది.

వెనుక నిలబడ్డ జలపతన్న, "కొత్త అట్ట వేలాడదీసినవు. పాతది చింపినవా?" అన్నడు.

కిందికి జరిపి చూసిన. పాత ఫంక్షన్ అదే పేరుతోని అక్కడనే కూసున్నది. పైన కొత్తది తెచ్చుకున్నా, కింద అదే పేరుతో ఇంకోటి కనవడంగనే కంప్యూటర్ దాన్నే పట్టుకున్నది. మిగిలిన రెండిట్ల కూడా పాతవి ఉన్నయి. వాటిని ముందే మార్చిన కాబట్టి బయటపడలే. మూడింటినీ తుడిచేసిన.

పరీక్షకని కొలతల ఫైలుల రెండును మూడు చేసిన. మూడు షీట్లల్ల మూడు వచ్చింది. కృపారాణితోని మళ్లా రెండు చేయించిన. అన్నిట్ల రెండు.

"గా నలభై ఏం చేస్తరన్నా?" అని అడిగిన.

"కింది సైజుకు అక్కరకొస్తయి. నడుముకాడ ఇంత తీస్తే సరిపాయె."

శ్రీధర్ సార్‌కు ఫోన్‌ల అంతా చెప్పిన, పాతవి తుడవక రెండోసారి తప్పుజేయబోయిన సంగతి కూడా. ఆయన అంతా విని అడిగిండు:

"రేపు బడులోళ్లు మళ్లా మడత మార్చుమంటే?"

"ఒక్కకాడ మారుస్త సార్. మూడు షీట్లు చూసినంకనే పంపుత."

"అంగీలయి కూడా గట్లనే చెయ్యి. సోమవారం మొదలుపెట్టు."

సోమవారం అన్నడు, ట్రయల్ అయిపోయే శనివారం దాటినంక. ఫోన్ పెట్టేసినంక గా మాట ఇంకోసారి మనసుల అనుకున్న.

బస్టాండ్‌ల కూసొని అమ్మకు ఫోన్ చేసిన. నేను చెప్పకముందే, "అన్నం తిన్నవా బిడ్డా?" అన్నది.

డబ్బా సంచిలనే ఉన్నది.

"తింటున్ననే" అని మూత తీసిన.